కబడ్డీ బరి నుంచి బాస్కెట్‌బాల్ కోర్టుకు

బాస్కెట్‌బాల్‌నే వృత్తిగా చేసుకుని బతకడం మన దేశంలో చాలా కొద్దిమందికే సాధ్యపడింది. విదేశీ లీగుల్లో జీతం తీసుకుని ఆడిన భారతీయుల పేర్లు అడిగితే ముందుగా గుర్తొచ్చేవి సత్‌నామ్ సింగ్, అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్, ప్రిన్స్‌పాల్ సింగ్. వీళ్లలో సత్‌నామ్, అమృత్‌పాల్, ప్రిన్స్‌పాల్ పంజాబ్ గ్రామీణ ప్రాంతాల్లో పుట్టి, లుధియానాలోని ఒకే అకాడమీలో ఆట నేర్చుకున్నారు. అమృత్‌పాల్ కబడ్డీ ఆడుతూ పెరిగాడు. ప్రిన్స్‌పాల్ మొదట వాలీబాల్ వైపు వెళ్లాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లలో జాతర వచ్చినా, సంక్రాంతి వచ్చినా టోర్నమెంట్లు పెట్టేది ఈ రెండు ఆటలకే. కాబట్టి ఆ ముగ్గురు నడిచిన దారి పాలమూరు తల్లిదండ్రులకూ, పీఈటీ సార్లకూ పనికొచ్చే దారి.

సత్‌నామ్ సింగ్ భమారా 1995 డిసెంబర్ 10న పంజాబ్‌లోని బల్లోకే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గోధుమ రైతు, పిండి గిర్నీ నడిపేవాడు. ఆయనా దాదాపు ఏడడుగుల మనిషే. చిన్నప్పుడు ఆయన్ని బాస్కెట్‌బాల్ ఆడమని ఎవరో సలహా ఇచ్చినా ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. తన కొడుకు విషయంలో అలా జరగకూడదనుకున్న ఆ రైతు ఇంటి దగ్గరే ఒక రింగు పెట్టించాడు. పదేళ్లు వచ్చేసరికి పిల్లవాణ్ని లుధియానా అకాడమీలో చేర్చాడు. ఇంటి నుంచి రోజూ వెళ్లిరావడం కుదరని పని, అందుకే అక్కడే ఉంచాడు. సత్‌నామ్ కథలో అందరూ చెప్పుకునేది అతని ఎత్తు గురించే. కానీ అతని బతుకును మార్చింది పదేళ్ల పిల్లవాణ్ని ఇల్లు దాటించిన తండ్రి నిర్ణయం.

లుధియానాలోని గురునానక్ స్టేడియంలో అప్పుడు శిక్షణ ఇస్తున్నది ఎస్. సుబ్రమణియన్. 2013లో చనిపోయేదాకా ఆయన పంజాబ్ పల్లెల నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాళ్లను ఆటగాళ్లుగా తయారుచేశాడు. ఫత్తూవాల్ అనే పల్లెలో పొలం పనులు చేసుకుంటూ, కబడ్డీ ఆడుకుంటూ ఉన్న అమృత్‌పాల్‌ను బంధువులు ఆయన దగ్గరికి తీసుకొచ్చినప్పుడు అతనికి పద్దెనిమిది దాటింది. బాస్కెట్‌బాల్ నేర్చుకోవడానికి అది బాగా ఆలస్యమైన వయసు. అయినా కొన్నేళ్లలోనే అతను భారత జట్టులో ప్రధాన సెంటర్ ఆటగాడయ్యాడు. 2014లో చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ ఆతిథ్య జట్టును 65–58 తేడాతో ఓడించిన రోజు ఆ జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత జపాన్‌లో ఆడి, 2017లో ఆస్ట్రేలియా జాతీయ లీగ్‌లోని సిడ్నీ కింగ్స్‌కు ఎంపికయ్యాడు. ఆ లీగ్‌లో ఆడిన తొలి భారతీయుడు అతనే. కబడ్డీలో వచ్చిన కాళ్ల బలం, ఎదుటివాణ్ని ఒంటితో అడ్డుకునే అలవాటు, పడినా వెంటనే లేచే తత్వం బాస్కెట్‌బాల్‌లో రింగు కింద నిలబడేవాడికి చాలా అవసరం.

రింగు కింద ఆడేవాడికి ఏం నేర్పుతారో దగ్గరగా చూస్తే ఎత్తు ఎంతవరకు పనికొస్తుందో అర్థమవుతుంది. పొడుగాటి కుర్రాడికి మొదట్లోనే నేర్పే సాధన ఒకటుంది. పాతకాలపు అమెరికన్ ఆటగాడు జార్జ్ మైకాన్ పేరుతో అది ప్రసిద్ధి. కుర్రాడు రింగుకు సరిగ్గా కింద నిలబడతాడు. ఎడమ కాలు వేసి కుడి చేత్తో బంతిని బోర్డుకు తగిలించి రింగులో వేస్తాడు. వల నుంచి జారిన బంతి నేలను తాకకముందే అందుకుని, దాన్ని గడ్డం కిందికి దించకుండా, ఈసారి కుడి కాలు వేసి ఎడమ చేత్తో వేస్తాడు. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ, ఆగకుండా. బంతి ఒక్కసారి నడుము దాకా దిగిందంటే ఎదుటి జట్టులోని పొట్టివాడు దాన్ని లాగేసుకుపోతాడు. ఎడమ చేత్తో అన్నం కూడా ముట్టని అలవాటున్న పిల్లలకు ఆ చేత్తో బంతిని మెత్తగా వదలడం రావడానికి నెలలు పడుతుంది. వేగంగా ఒంటికాలి మీద తిరగడం, అడ్డంగా అడుగులు జరుపుతూ ఎదుటివాణ్ని కాపు కాయడం, బంతి ఎటు ఎగిరిపడుతుందో ముందే పసిగట్టడం ఆ తర్వాతి పాఠాలు. ఎత్తు పుట్టుకతో వస్తే రావచ్చు, ఇవేవీ అలా రావు.

రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీకి కట్టాడు. ఆ బాల్కనీ ఎత్తే పది అడుగులు. ఇప్పటికీ ఆ కొలత మారలేదు. పూర్తి కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. జట్టుకు అయిదుగురు, పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలో షాట్ వేయాలి. ఆ గడియారం వల్లే ఈ ఆటలో ఒక్క క్షణం కూడా నిలబడి చూసే వీలుండదు. 6.75 మీటర్ల గీత బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు. కాబట్టి ఎత్తు లేనివాడికి కూడా ఈ ఆటలో పెద్ద పని ఉంది. బంతిని నడిపించేవాడు, దూరం నుంచి గురి చూసి కొట్టేవాడు ఆరడుగులు ఉండక్కర్లేదు.

సత్‌నామ్ జీవితంలో రెండో మలుపు 2010లో వచ్చింది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ భారత ప్రతినిధుల కళ్లలో పడిన అతనికి, మరికొందరు భారతీయ పిల్లలకు అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న ఐఎంజీ అకాడమీలో ఉచితంగా చదివే అవకాశం దక్కింది. పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇంగ్లిష్ రాదు. తిండి కొత్త, బడి కొత్త. ఆట ఒక్కటే తెలిసింది. అయిదేళ్లు అక్కడ నిలదొక్కుకుని, జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, 2015 జూన్ 25న, 52వ ఆటగాడిగా డల్లాస్ మావరిక్స్‌కు ఎంపికయ్యాడు. భారత గడ్డపై పుట్టి, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న తొలి ఆటగాడు అతనే. కెనడాలో పుట్టిన భారత సంతతి ఆటగాడు సిమ్ భుల్లర్ అదే ఏడాది ఏప్రిల్‌లోనే శాక్రమెంటో కింగ్స్ తరఫున ఎన్‌బీఏలో ఆడాడు.

డ్రాఫ్ట్ అంటే ఉద్యోగం ఖాయమైనట్టే అని మన దగ్గర చాలామంది అనుకున్నారు. అసలు సంగతి వేరు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లు, మొత్తం 60 మంది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి జీతం హామీ ఉంటుంది, రెండో రౌండ్‌లోని వాడికి ఉండదు. 52 అంటే రెండో రౌండ్ చివరి వరుస. సత్‌నామ్‌ను మావరిక్స్ తమ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు పంపింది. ఎన్‌బీఏకు కింది మెట్టుగా నడిచే ఆ లీగ్‌లో రెండు సీజన్లు ఉన్నా, కోర్టు మీద అతనికి దొరికిన నిమిషాలు తక్కువే. బాస్కెట్‌బాల్ అప్పటికే మారిపోయింది. వెడల్పాటి భారీ మనిషి రింగు కింద నిలబడితే చాలనే రోజులు పోయి, ఏడడుగులవాడు కూడా పరుగెత్తాలి, దూరం నుంచి వేయాలి అనే రోజులు వచ్చాయి. సత్‌నామ్ ఓడిపోయాడని తీర్పు చెప్పడం అన్యాయం. ఆట మారుతున్న సమయంలో అతను తప్పు మెట్టు మీద నిలబడ్డాడు.

2017లో తిరిగొచ్చాక భారత జట్టుకు ఆడి, తర్వాత కెనడా లీగ్‌లోనూ ఆడాడు. 2019 నవంబర్‌లో జరిపిన పరీక్షలో హైజనమైన్ అనే నిషేధిత పదార్థం బయటపడింది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ రెండేళ్ల నిషేధం విధించింది. అది 2021 నవంబర్ దాకా కొనసాగింది. నిషేధం పూర్తయ్యే నాటికే అతను అమెరికాలో వృత్తి కుస్తీ సంస్థతో ఒప్పందం చేసుకుని బాస్కెట్‌బాల్‌కు దూరమయ్యాడు. ఈ ఒక్క విషయం మీద పల్లెల్లోని జిమ్‌లకు వెళ్లే ప్రతి కుర్రాడూ కాసేపు ఆగి ఆలోచించాలి. బరువు తగ్గడానికి, బలం పెరగడానికి అని డబ్బాల్లో అమ్మే పొడుల్లో ఇలాంటి పదార్థాలు కలిసి ఉండొచ్చు. వాటి పేర్లు కొన్నిసార్లు డబ్బా మీద కూడా ఉండవు. ఒంట్లో దొరికితే అది ఎలా వచ్చిందో తెలియదన్నా సరే, జవాబుదారీ ఆటగాడే.

ప్రిన్స్‌పాల్ సింగ్ సత్‌నామ్ కన్నా అయిదారేళ్లు చిన్నవాడు. గురుదాస్‌పూర్ జిల్లాలోని డేరా బాబా నానక్ ప్రాంతం వాడు. ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. వాలీబాల్ ఆడదామనుకున్న అతన్ని పెద్దలు బాస్కెట్‌బాల్ వైపు మళ్లించారు. లుధియానా నుంచి, 2017లో గ్రేటర్ నోయిడాలో మొదలైన ఎన్‌బీఏ అకాడమీ ఇండియాకు వెళ్లాడు. అక్కడ చదువు, తిండి, ఆట, వ్యాయామం అన్నీ ఒకే కప్పు కింద. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఉన్న అంతర్జాతీయ అకాడమీకి ఎంపికయ్యాడు. 2020లో ఎన్‌బీఏ కింది మెట్టు లీగ్‌కు చెందిన జీ లీగ్ ఇగ్నైట్ అనే కొత్త జట్టు అతన్ని తీసుకుంది. కాలేజీకి వెళ్లకుండానే జీతంతో ఆడాలనుకునే యువకుల కోసం పెట్టిన జట్టు అది. జేలెన్ గ్రీన్, జొనాథన్ కుమింగా అతని సహచరులు. 2021 డ్రాఫ్ట్‌లో గ్రీన్ రెండో స్థానంలో, కుమింగా ఏడో స్థానంలో ఎంపికయ్యారు. ప్రిన్స్‌పాల్ పేరు డ్రాఫ్ట్‌లో రాలేదు. కానీ ఆ ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన ఎన్‌బీఏ సమ్మర్ లీగ్‌కు శాక్రమెంటో కింగ్స్ అతన్ని తీసుకుంది. ఫైనల్‌లో ఆ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌ను 100–67తో ఓడించింది. ఎన్‌బీఏకు చెందిన ఏ స్థాయిలోనైనా విజేత జట్టులో ఉన్న మొదటి భారతీయుడిగా అతని పేరు నిలిచింది. ఆ టోర్నీలో అతనికి దక్కినవి కొన్ని నిమిషాలే అయినా, వాలీబాల్ ఆడదామనుకున్న కుర్రాడు అక్కడిదాకా వెళ్లడం చిన్న సంగతి కాదు.

పై మెట్టు మీద చోటు దొరకనివాళ్లకు మన దేశంలో మిగిలే దారి ఏమిటి? నిజం చెప్పాలంటే భారత బాస్కెట్‌బాల్‌ను ఇన్నేళ్లు బతికించింది ఉద్యోగాలే. రైల్వేలు, ఓఎన్‌జీసీ, సైన్యం, బ్యాంకులు, పోలీసు శాఖలు ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని తమ జట్ల తరఫున ఆడిస్తాయి. 2020లో అర్జున అవార్డు అందుకున్న విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా బలంగా కనిపిస్తుంది. జాతీయ మహిళల పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వే జట్టుదే పైచేయి. ఆస్ట్రేలియాలో ఆడి, 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల దగ్గర ప్రయత్నించి వచ్చిన గీతు అన్నా జోస్, 19 ఏళ్లకే భారత జట్టుకు సారథ్యం వహించి 2021లో పద్మశ్రీ పొందిన అనితా పాల్‌దురై ఇద్దరూ దక్షిణ రైల్వే వాళ్లే. పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా అనిత మళ్లీ కోర్టులోకి రాగలిగిందంటే, వెనక ఒక జీతం ఉండటం అందుకు పెద్ద ఆసరా.

ప్రైవేటు లీగులు వచ్చాయి, పోయాయి. 2015 నుంచి 2017 దాకా నడిచిన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. ఆ లీగ్ ఆగిపోయింది. 2022లో ఐఎన్‌బీఎల్ అనే మరో లీగ్ మొదలైంది. 2025 ఆరంభంలో పాతికేళ్ల లోపు వారికి జరిపిన దాని వృత్తి లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ ఆడింది. ఇలాంటివి కొన్ని వారాల పాటు నడిచే పోటీలు, వాటి మీదే ఇల్లు గడవదు. కాబట్టి మన కుర్రాడికి లీగ్ పేరూ, క్రీడల కోటా ఉద్యోగమూ రెండూ కావాలి. తెలంగాణ ప్రభుత్వ నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. అది దక్కాలంటే గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లే ఆధారం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడ్డాయి. స్కూల్ గేమ్స్ ఎంపికల్లో మాత్రం ఉమ్మడి జిల్లా లెక్కే ఇప్పటికీ వినిపిస్తుంది. 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో మండలం నుంచి మొదలై, ఉమ్మడి జిల్లా జట్టు, అక్కడి నుంచి రాష్ట్ర జట్టు, ఆపైన జాతీయ పోటీలు. దీనికి సమాంతరంగా రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘం సబ్ జూనియర్, యూత్, జూనియర్, సీనియర్ పోటీలు ఉంటాయి. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన పిల్లలకు శిక్షణ ఖర్చుతో పాటు నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చుకు ఇచ్చే ఏర్పాటు ఉంది. హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికి ప్రవేశాలు జరుగుతాయి. అక్కడ ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే దూరం, షటిల్ రన్, 800 మీటర్ల పరుగు వంటివి కొలుస్తారు. బాస్కెట్‌బాల్ వచ్చా అని అడగరు. అంటే తొమ్మిదేళ్ల పిల్ల పరుగెత్తగలిగితే చాలు, ఆ తలుపు తట్టొచ్చు.

ఈ జిల్లాల కష్టం దూరంలో ఉంది. గద్వాలకు కాచిగూడ–కర్నూలు మార్గంలో రైలుంది. వనపర్తి రోడ్ స్టేషన్ ఊరికి దూరంగా ఉంది. నాగర్‌కర్నూల్‌కు బస్సే గతి. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నల్లమల అంచు ఊళ్ల నుంచి ఒక పిల్ల రోజూ పట్నానికి వెళ్లి ఆట నేర్చుకుని రావడం జరిగే పని కాదు. బల్లోకే నుంచి లుధియానాకు సత్‌నామ్ కూడా అలా వెళ్లిరాలేకపోయాడు. దానికి అతని తండ్రి వెతుక్కున్న పరిష్కారం హాస్టల్. ఇక్కడ ఆ హాస్టళ్లు ఇప్పటికే ఉన్నాయి. వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు ఏడాది పొడవునా ఉండి చదువుకునే గురుకులాలు ఈ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఉదయం అయిదున్నరకు లేచి, సాయంత్రం మైదానంలోనే ఉండే పిల్లలకు కావలసింది ఒక కోర్టు, ఆట తెలిసిన ఒక సారు. పూటకు ఇంత గుడ్డూ పాలూ అందుతుంటే, ఇంటి జొన్న రొట్టె తిని పెరిగిన ఒళ్లు ఎంత కష్టానికైనా నిలుస్తుంది.

కోర్టు అంటే లక్షల మాట అని వెనక్కి తగ్గాల్సిన పని లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ నుంచి 3×3 బాస్కెట్‌బాల్ కూడా పతకం ఉన్న ఆట. దానికి ఒకే రింగు చాలు. 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవున్న సిమెంటు నేల ఉంటే సరిపోతుంది. జట్టుకు ముగ్గురు ఆడతారు, ఒకరు బయట ఉంటారు. పది నిమిషాల్లో ఎక్కువ పాయింట్లు చేసినా, ముందుగా 21కి చేరినా గెలుపే. బంతి వచ్చిన 12 సెకన్లలో షాట్ వేయాలి. 2018లో ఈ ఆట ప్రపంచ టూర్ మాస్టర్స్ పోటీ హైదరాబాద్‌లోనే జరిగింది. ఏ ఉన్నత పాఠశాలలోనైనా ప్రార్థన కోసం పోసిన గచ్చు పక్కన ఇంత జాగా దొరుకుతుంది. నడిగడ్డలో ఊరి చివర వాలీబాల్ వల కట్టేందుకు చందాలు పోగుచేసే యువజన సంఘాలు, ఈ ఏడాది వలతో పాటు ఒక ఇనుప స్తంభం, బోర్డు, రింగు కూడా చేయిస్తే ఆట దానంతటదే మొదలవుతుంది.

ఆట మొదలైన చోట గాయాలు కూడా ఉంటాయి. చీలమండ బెణకడం, మోకాలి లిగమెంట్ తెగడం ఈ ఆటలో మామూలే. ఆడపిల్లల్లో మోకాలి గాయాలు ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగకుండా రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం చిన్నప్పుడే నేర్పితే చాలావరకు తప్పుతాయి. కట్టు కట్టి రెండు రోజుల్లో మళ్లీ ఆడించే అలవాటును మాత్రం మానుకోవాలి.

వయసు తగ్గించి రాయించడం మరో పాడు అలవాటు. పదిహేనేళ్లవాణ్ని పదమూడేళ్లని రాయిస్తే ఆ ఒక్క టోర్నమెంట్‌లో కప్పు రావచ్చు. పై స్థాయి పోటీల్లో చేతి ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేస్తారు. అక్కడ బయటపడితే నిషేధం తప్పదు, అప్పటిదాకా సంపాదించిన సర్టిఫికెట్లు కూడా అనుమానంలో పడతాయి.

ఏడో తరగతిలో తోటివాళ్ల కన్నా జానెడు ఎత్తు ఎక్కువున్న అమ్మాయినో, కబడ్డీ కూతలో ఎవరికీ చిక్కని అబ్బాయినో గమనించిన పీఈటీ సార్లు, టీచర్లు ఒక పని చేయాలి. ఈసారి స్కూల్ గేమ్స్ ఎంపికల తేదీలు రాగానే ఆ పిల్లల జనన ధ్రువపత్రం, ఆధార్, బోనఫైడ్ సర్టిఫికెట్ సిద్ధం చేయించి, బాస్కెట్‌బాల్ ఎంపికలకు కూడా వాళ్ల పేరు పంపాలి. తల్లిదండ్రులు ఆ రోజు పిల్లను పనికి పంపకుండా మైదానానికి పంపాలి.